నేలనెత్తిన నగరము

సముద్రతీరమున ఉప్పెన వచ్చిపోయిన పిదప పాలకులు మొట్టమొదట లెక్కించునవి శవములు. తరువాత కూలిన ఇండ్లు, కొట్టుకొనిపోయిన పశువులు, మునిగిన ఎకరములు. ఈ లెక్కలన్నియు ముగిసి, పరిహారపు ప్రకటన వెలువడి, మంత్రివర్యులు హెలికాప్టరునుండి క్రిందికి చూచి మరలిన దినముననే ఆ తీరము కోలుకొన్నట్లని మన వ్యవహారములో నొక అలిఖితనిర్ణయము కలదు. పెద్దకర్మ ముగిసిన మరునాడు బంధువులు మూటాముల్లె సర్దుకొని ఎవరి త్రోవను వారు పోయినట్లు, దాతలును, అధికారులును, పత్రికలవారును పండ్రెండవనాటికి వెడలిపోవుదురు. ఇంటివారి అసలు కష్టము మొదలగునది అప్పుడు. తీరవాసుల పునరుద్ధరణమనునది గడచిన తుపానునకు చేయు శాంతి యని మనము తలచుచుండగా, అది వాస్తవమునకు రాబోవు తుపానునకు చేయవలసిన సన్నాహమనియు, దానికి పట్టు కాలము వారములలో గాక యేండ్లలో గణింపదగినదనియు, అది ఫలించినదో లేదో తేల్చు తీర్పరి మరల వచ్చు ఉప్పెనయే యనియు నా యభిప్రాయము.

ఇందులకు నాకు దొరకిన ఉత్తమదృష్టాంతము మన తీరమునకు చెందినది కాదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రపు అంచున, మెక్సికో సింధుశాఖలో, సన్నని పొడవైన ఇసుకద్వీపముపై గాల్వెస్టన్ అను నగరము కలదు. హ్యూస్టన్‌లో స్థిరపడిన మన తెలుగువారు సెలవుదినములలో పిల్లలను వెంటబెట్టుకొని, కారులో ఒక గంట ప్రయాణము చేసి అచ్చటికిపోయి, సముద్రపుగోడపై సాయంకాలము షికారు చేసి మరలివచ్చుచుందురు. తాము నడచు గోడ వెనుకనున్న వీధులక్రింద మరియొక నగరపు నేల పూడ్చబడియున్నదను సంగతి వారిలో ఎందరి చెవిని బడినదో చెప్పజాలను గాని, చెవిని బెట్టదగిన కథ యది.

1900వ సంవత్సరమున ఆ నగరమందు సుమారు 38,000 జనము నివసించుచుండిరి. ప్రత్తి యెగుమతిలో దేశముననే మేటియైన రేవులలో నదియొకటి. ధనవంతులకు కొదువ లేదు. ఉన్న కొదువ యంతయు నేలకే: ఊరిలోకెల్ల ఎత్తైన చోటు సముద్రమట్టమునకు 9 అడుగులైనను లేదు. ఆ యేటి సెప్టెంబరు 8వ తేదీ శనివారమునాడు లేచిన ఉప్పెన 15 అడుగులను మించెను. తెల్లవారునప్పటికి 3,600 ఇండ్లు రూపుమాసిపోయినవి. మృతులు 6,000 మొదలు 8,000 వరకు నుందురని సామాన్యముగా చెప్పుదురు, ఇంకను ఎక్కువ యనువారును కలరు. తక్కువ లెక్కను పట్టుకొన్నను ఆరుగురిలో నొకరు పోయినట్లే. సముద్రపుటొడ్డుననున్న సెయింట్ మేరీస్ అనాథాశ్రమములో పదిమంది సన్యాసినులు, పిల్లలు తమనుండి విడిపోకుండుటకై, బట్టలారవేయు త్రాళ్లతో వారిని తమ నడుములకు కట్టుకొనిరి. 90 మంది బాలబాలికలును, పదిమంది సన్యాసినులును మరణింపగా ముగ్గురు పిల్లలు మాత్రము ఒక చెట్టును కరచుకొని బ్రదికిరి. తరువాత దొరకిన కళేబరములకు ఆ త్రాళ్లింకను కట్టియే యుండెను.

చచ్చినవారిని పూడ్చుటకు చాలినంత ఎండిన నేల లేక, శవములను పడవలలో సముద్రముమధ్యకు గొనిపోయి బరువులు కట్టి విడువగా, వానిలో ననేకము అలలతో మరల ఒడ్డునకే వచ్చెను. అంతట దహనము తప్ప గత్యంతరము లేక వారములతరబడి చితులు మండెను. శవములను తొలగించు పనికి నల్లజాతివారిని తుపాకులు చూపి పట్టి తెచ్చి, దుర్గంధమునకు ఓర్చుటకై విస్కీ త్రాగించి చేయించిరి. ఆ నల్లవారినే దోపిడిగాండ్రని ఆనాటి పత్రికలు వ్రాసెను. విపత్తు మనుష్యులనందరిని సమానులను చేయునని చెప్పు ఉపన్యాసకులు ఈ సంగతిని ఒకమారు చదివి చూచుట మంచిది.

ఈ యుప్పెన యెవ్వరును ఊహింపనిది కాదు. అదే తీరమున, పడమటివైపున, ఇండియనోలా యను రేవుపట్టణము 1875లో నొకమారు, 1886లో మరియొకమారు తుపానులపాలై, రెండవదానితో జనులు ఊరినే విడిచిపోగా పాడుపడెను. ఆ వార్త విన్న గాల్వెస్టన్ ప్రముఖులు తమకును ఒక గోడ కావలెనని గట్టిగా తలపోసిరి. కొన్ని నెలలకు ఆ తలంపు చల్లారెను. 1891లో ఆ నగరపు వాతావరణాధికారి ఐజాక్ క్లైన్, గాల్వెస్టన్‌నకు తుపానువలన మహోపద్రవము రాగలదనుట వట్టి భ్రమయని స్థానికపత్రికలో వ్యాసమే ప్రకటించెను. 1900లో క్యూబాలోని వాతావరణశాస్త్రజ్ఞులు తుపాను టెక్సస్‌వైపు మరలుచున్నదని గ్రహించినను, వారి తంతివార్తలను వాషింగ్టనులోని అధికారులు ముందే నిరోధించియుండిరి. తమ లెక్కప్రకారము తుపాను అట్లాంటిక్‌వైపు పోవలసియున్నది గదా! తుపాను వారి లెక్కను చూడలేదు. క్లైన్ భార్య ఆ రాత్రియే ఉప్పెనలో మరణించెను.

మనకు వారిని ఆక్షేపించు నధికారము లేదు. గోదావరీముఖమున వెలిగిన కోరంగి రేవు 1789లో నొక ఉప్పెనను, 1839లో మరియొక ఉప్పెనను చూచెను. నావలు కట్టినచోటు నేడు మడయడవి. బందరును 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ముంచిన ఉప్పెన సుమారు 30,000 ప్రాణములను గొనెను. ఇండియనోలా కథ గాల్వెస్టన్‌వారికి పాతికేండ్లలోపు వార్త; బందరు కథ మనవారికి 1977 నాటికి నూటపదమూడేండ్ల వార్త. మరచుటలో ఎవరు ముందన్నది కాలపరిమితిని బట్టియే గాని బుద్ధిని బట్టి కాదు.

కాని 1900 తరువాత గాల్వెస్టన్ చేసిన పని అనన్యసామాన్యము. ఎనభైయేండ్లకు దగ్గరపడిన క్లారా బార్టన్ రెడ్‌క్రాస్ పక్షమున వచ్చి సహాయకార్యము నడపెను. దేశమంతటినుండి ధనమును వస్త్రములును వచ్చెను. ఇదంతయు ఎచ్చటనైనను జరుగునదే. విశేషమైనది ఆ పిదపటి కథ. ముగ్గురు ఇంజనీర్లతో నొక సంఘమును నియమించి సలహా యడుగగా, వారు రెండు మాటలు చెప్పిరి: సముద్రమున కభిముఖముగా 17 అడుగుల ఎత్తున గోడ కట్టవలెను; ఊరిని ఎత్తవలెను. ఆ ముగ్గురిలో నొకడు హెన్రీ మార్టిన్ రాబర్ట్. సభలు జరుపవలసిన పద్ధతులనుగూర్చి నేటికిని లోకము ప్రమాణముగా గొను నియమగ్రంథమును రచించినవాడితడే. సభలో మాట యెట్లు నిలువవలెనో, సముద్రమునకెదురుగా గోడ యెట్లు నిలువవలెనో రెండును ఎరిగిన ఇట్టివాడొకడు మన శాసనసభలకును దొరకిన బాగుండును. 1902లో మొదలిడిన గోడలో మూడుమైళ్లకు పైబడిన తొలిభాగము 1904లో పూర్తియయ్యెను. దానికి వలసిన పదునైదు లక్షల డాలర్లను జిల్లాప్రభుత్వము ఋణపత్రముల రూపమున సేకరించెను. సర్వస్వము గోలుపోయిన ఊరినుండి పుట్టిన పత్రములు గనుక బయటివారు కొనుటకు జంకగా, వానిలో అధికభాగమును ఆ యూరివారే కొనిరి.

ఇచ్చట నొక చేదు మాటయు చెప్పవలెను. త్వరగా పనులు జరుగవలెనను పేరిట, ఎన్నికైన నగరసభను తొలగించి, ఐదుగురు కమిషనర్ల పాలనను 1901లో నెలకొల్పిరి. ఈ పద్ధతి తరువాత అమెరికాలో ననేక నగరములకు ప్రాకెను. పని త్వరగా జరిగెను, నిజమే. కాని వార్డులవారి ప్రాతినిధ్యము పోవుటతో కూలివాడలకును, నల్లవారి వాడలకును సభలో నోరు లేకపోయెను. ఆపద్ధర్మముగా నూడబెరికిన హక్కులు ఆపద తీరిన పిదప తిరిగి వచ్చుట యెంత దుర్లభమో చెప్ప నక్కరలేదు.

గోడకంటె అద్భుతమైనది నేల. 1903లో ఆరంభించి 1911 వరకు, సుమారు ఎనిమిదేండ్లు, ఐదువందల వీధిఖండముల మేర ఆ నగరపు భూమిని ఎత్తిరి. గోడయొద్ద ఎక్కువగాను, వెనుకకు పోనుపోను తక్కువగాను వాలునట్లు నిర్ణయించి, ఊరి నడుమ నొక కాలువ త్రవ్వి, దానిగుండ డ్రెడ్జర్లను లోనికి రప్పించి, సముద్రగర్భమునుండి తోడిన ఇసుక కలిసిన నీటిని గొట్టములద్వారా వాడలలోనికి వదలగా, నీరు జారిపోయి ఇసుక నిలిచెను. ఇట్లు పోసిన ఇసుక కోటి ఘనమీటర్లను మించెను. అంతకుమున్ను రెండువేలకు పైబడిన కట్టడములను పునాదులనుండి వేరుచేసి జాకీలపై పైకెత్తిరి. మూడువేల టన్నుల సెయింట్ పాట్రిక్స్ దేవాలయమును 700 జాకీలపై నిలిపి, ఒక్కొక్క సంకేతమునకు కూలివారందరు ఒక్కమారుగా మరలను త్రిప్పుచుండగా, కొంచెము కొంచెముగా ఐదడుగులు లేపిరి. అంతకాలమును లోపల ప్రార్థనలు నడచుచునే యుండెను. ట్రాముపట్టాలు, నీటిగొట్టములు, సమాధిరాళ్లు, ప్రహరీగోడలు, అన్నిటిని ఎత్తవలసివచ్చెను. ఎత్తుట సాధ్యము గాని భవనములకు క్రిందియంతస్తు నేలమాళిగయయ్యెను.

ఆ యెనిమిదేండ్లు జనులు కాపురము మానలేదు. వీధులన్నియు బురదగుంటలై యుండగా ఇంటినుండి ఇంటికి కట్టిన ఎత్తైన కొయ్యవంతెనలపై నడచి అంగళ్లకు, బడులకు పోవుచుండిరి. పెండ్లిండ్లు జరిగెను, బిడ్డలు పుట్టిరి. సముద్రపుటిసుకలోని యుప్పునకు చెట్టన్నది మొలకెత్తక, ఊరు బోసిపోయి యుండెను. అప్పుడు పురస్త్రీలు సంఘముగా నేర్పడి, తోటమన్ను తెప్పించి, వీధులవెంట సింధూరవృక్షములను, గన్నేరును నాటించిరి. నేటికిని ఆ నగరమునకు గన్నేరుపట్టణమని పేరు. గోడను కట్టిన ఇంజనీర్ల పేర్లు శిలాఫలకములపై నున్నవి గాని, ఉప్పునేలలో పూలు పూయించిన స్త్రీలు కూడ ఊరిని ఎత్తినవారే.

ఇంత చేసినను ఇంటినెత్తు ఖర్చు ఇంటియజమానిదే. భూమిని పోయుట ప్రజాధనముతో. కట్టడము లేపుట సొంతసొమ్ముతో. కలవారు ఎత్తుకొనిరి; లేనివారి గుడిసెలు తేలికవి గనుక కొన్ని లేచెను, కొన్ని మాసిపోయెను.

తీర్పరి 1915 ఆగస్టులో వచ్చెను. 1900 నాటి తుపానుతో తూగదగిన తుపాను గాల్వెస్టన్‌ను తాకగా, ప్రధానభూభాగమునకు వేసిన క్రొత్త వంతెనదారి తెగెను, గోడ వెలుపలనున్న ఇండ్లు పోయెను. ఆ తుపానువలన మొత్తము 275 మంది చనిపోగా, గోడచాటున, ఎత్తిన నేలపై నున్న నగరములో పోయినవారు బహుకొద్దిమంది. ఆరువేలకును, ఈ కొద్దికిని గల భేదమే పదునైదేండ్ల శ్రమకు ఫలము. పునరుద్ధరణమునకు ఇంతకంటె కచ్చితమైన కొలబద్ద నాకు కనబడదు.

కాని పూర్వవైభవము తిరిగివచ్చెనా యని అడుగువారికి, రాలేదనియే ఉత్తరము. 1901 జనవరిలో బోమాంట్ దగ్గరి స్పిండిల్‌టాప్‌న చమురు ఎగజిమ్మెను. 1914లో హ్యూస్టన్‌కు లోతైన ఓడకాలువ తెరవబడెను. ధనమును, జనమును భద్రమైన లోభాగమునకు తరలెను. నేడు హ్యూస్టన్ నగరమున ఇరువదిలక్షలకు పైగా జనమున్నారు. గాల్వెస్టన్‌న యాబదివేల చిల్లర. దీనిని పరాజయమని వ్రాసిన చరిత్రకారులు కలరు. నేనట్లు తలపను. ఊరు పెద్దదగుట ఊరివారి ప్రాణములకు పర్యాయము కాదు. మన ముఖ్యమంత్రులు తుపాను పిదప 'మునుపటికంటె గొప్ప నగరము కట్టెద'మని ప్రతిజ్ఞ చేయునప్పుడు ఆ గొప్పతనమును అంతస్తులలో కొలుచుచుందురు. తరువాతి ఉప్పెననాడు నడుములోతు నీరు నిలుచు వాడ ఏదియో ఆ ప్రతిజ్ఞలో వినబడదు.

గోడకును దోషము లేకపోలేదు. దాని యడుగున సముద్రపుటిసుక కోసుకొనిపోయి, ఒకనాటి విశాలమైన సైకతము కృశించి, లారీలతోను గొట్టములతోను ఇసుక తెచ్చిపోయవలసివచ్చుచున్నది. అలను ఒకచోట అడ్డగించిన అది మరియొకచోట త్రవ్వును. కాకినాడకు ఉత్తరమున ఉప్పాడలో రాళ్లు పోసినను, జియోట్యూబులు పరచినను, సముద్రము ఇండ్లను, రహదారిని కొరుకుచునే యుండుట మనమెరిగినదే. గోడ కట్టుదమన్న ప్రతివాడును, ప్రక్కయూరి యిసుక యేమగునో చెప్పి కట్టవలెను.

ఇక 2008 సెప్టెంబరులో వచ్చిన ఐక్ తుపాను ముఖ్యముగా గోడమీదుగా గాక, వెనుకనున్న అఖాతమునుండి, గోడలేని వైపునుండి నగరములోనికి చొచ్చెను. ఇండ్లలో నధికభాగము నీట మునిగెను. శతాబ్దముక్రింద స్త్రీలు నాటించిన వృక్షములలో వేలకొలది ఉప్పునీటికి ఎండిపోయెను. ఈమారు నగరము ప్రదర్శించిన బుద్ధి పూర్వులకు తగినట్లు లేదు. దెబ్బతిన్న ప్రభుత్వపు అద్దెయిండ్లు 569 పడగొట్టబడెను. వానిలో నుండినవారు బీదలు, అధికభాగము నల్లవారు. వానిని మరల కట్టుటకు కేంద్రధనము సిద్ధముగా నున్నను, కట్టవలదని ఊరిలోనే ఉద్యమము లేచి, ఏండ్లతరబడి వివాదము సాగెను. ఆ పునర్నిర్మాణమును వ్యతిరేకించినవాడు 2012లో మేయరుగా నెగ్గెను. 2000వ సంవత్సరపు లెక్కలో 57,000 ఉన్న జనాభా 2010లో 48,000కు దిగుటకు తుపాను ఒక కారణమైనచో, తిరిగివచ్చుటకు ఇల్లు లేకపోవుట మరియొకటి. బీదలు లేకుండిన ఊరు బాగుపడునను ఆలోచన ఆ నగరమునకే పరిమితము కాదు. మన తీరములలోను విహారశాలలకు, రొయ్యలచెరువులకు, రేవులకు చోటు చాలనప్పుడెల్ల అది సభ్యమైన వేషములతో వచ్చుచున్నది.

మన యనుభవము నిరాశాకరమైనది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అధికారికముగానే పదివేల ప్రాణములను గొనెను. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, నాగాయలంక అను పేర్లు దేశమునకంతటికి అట్లు తెలియవలసివచ్చెను. నాటికి ఎత్తుగా కట్టిన పక్కాకట్టడమే లేని పల్లెలనేకము. తరువాత తుపాను ఆశ్రయభవనములు లేచెను. ధర్మసంస్థలును ప్రభుత్వమును పక్కాయిండ్లు కట్టించెను. హెచ్చరిక పల్లెవరకు చేరు మార్గమేర్పడెను. 1990 మే నెలలో దాదాపు అంతటి తుపానే అదే ప్రాంతమున తీరము దాటగా, లక్షలకొలది జనమును ముందుగానే తరలించుటచేత మృతుల సంఖ్య వేయికి లోబడెను. ఒడిశావారు 1999లో సుమారు పదివేలమందిని కోల్పోయి, 2013లో ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు పదిలక్షలకు దగ్గరగా జనమును తరలించి, ఆ సంఖ్యను పదులలోనికి దింపిరి. గాల్వెస్టన్ 1915లో చూపినదానినే వీరును చూపిరి.

ప్రాణములను కాపాడుట నేర్చితిమి. బ్రదుకును కాపాడుట నేర్వలేదు. చేను మునిగిన పిదప పరిహారము పట్టాదారుపేర వచ్చును. కృష్ణా గోదావరీ మండలములలో ఆ చేనుపై అప్పుచేసి పెట్టుబడి పెట్టినవాడు తరచుగా కౌలురైతు. వానికి గుర్తింపునిచ్చుటకు 2011లో నొక చట్టము, 2019లో మరియొకటి వచ్చినను, రెండవదానిలో భూయజమాని సమ్మతి కావలెనను నిబంధనయే వానికి గుమ్మమున అడ్డుగా నిలిచినది. పడవ పోయిన యజమానికి పడవ కాగితమున్నది. ఆ పడవలో వాటాకు వేటాడిన నలుగురికి ఏ కాగితమున్నది? ఒడ్డున చేపలు కొని, తట్ట నెత్తిన బెట్టుకొని ఊరూర తిరిగి అమ్ము స్త్రీని ఏ జాబితాలో నెక్కింతుము? ఉప్పుబట్టిన పొలము మరల వరి పండువరకు గడుచు పంటకాలములలో ఆ యింటి పొయ్యి యెట్లు వెలుగవలెను?

ఈ ప్రశ్నలకు తుపాను పిదప, తడిసిన రికార్డులతోను అలసిన గుమస్తాలతోను ఉత్తరము వెదకుట అవివేకము. తీరమండలములన్నిటిలోను ఏటేట వేసవికి ముందే, బంగాళాఖాతము శాంతముగా నున్నప్పుడు, కౌలుదార్లను, పడవకూలీలను, చేపలమ్ము స్త్రీలను గ్రామసభలో పేరుపేరున చదివి, అభ్యంతరములు విని, జాబితాను గోడకు అంటింపవలెను. పక్కాయింటికిచ్చు ధనములో పీఠమునెత్తు ఖర్చును వేరుగా చేర్చి, అది లబ్ధిదారునిపై పడకుండ చూడవలెను. గాల్వెస్టన్‌వారు చేసిన పొరబాటు ఆ ఖర్చును యజమానిపై మోపుటయే. ఆశ్రయభవనములను బడులుగా వాడుట మంచిదే గాని, వాని తలుపులు, మరుగుదొడ్లు, చేతిపంపులు పనిచేయుచున్నవో లేవో అక్టోబరుకు ముందే పరీక్షించు బాధ్యత ఫలానా ఉద్యోగిదని వ్రాతమూలకముగా నుండవలెను. మడయడవిని నరికి రొయ్యలచెరువు త్రవ్వుట కనుమతించు సంతకమునకు, తరువాతి యుప్పెనలో ఆ వెనుకనున్న పల్లెకు కలుగు నష్టముతో సంబంధమున్నట్లు చట్టము గుర్తింపవలెను. వీనిలో దేనికిని కోట్లకొలది ధనము అక్కరలేదు. ఎనిమిదేండ్లు విడువక చేయు ఓపిక కావలెను, అనగా ఒక ప్రభుత్వము మొదలిడినదానిని దాని ప్రత్యర్థి కొనసాగింపవలెను. గాల్వెస్టన్ గోడకు ధనమిచ్చుటకు ఋణపత్రములు కొన్నవారిలో కొందరు 1915 వరకు బ్రదుకలేదు. రానున్న అక్టోబరులోగా మన తీరజిల్లాల కలెక్టర్లు చేయదగిన మొదటిపని ఆ జాబితాయే.